ఇరవై మంది విన్న మాట

వేసవి 41వ రోజు. పైన 53 డిగ్రీలు, లోపల 32.

ఉదయం స్టేషన్ ఊడ్చాను. వాకిలికి కట్టిన గోనెలు తడిపాను. దీపాల బ్యాటరీలు పైకి ఎండకు పంపాను. రెండో వీధి తిప్పక్క వచ్చి, తన కోడిపెట్టను పక్కింటివాళ్ళు కోసుకుతిన్నారని ఫిర్యాదు ఇచ్చింది.

"నువ్వు చూసినావా?" అని అడిగాను.

"చూసేదేంటికక్కా, మసాలా వాసన వచ్చె గదా" అంది.

అది ఏ గడిలోనూ పట్టని సాక్ష్యం. ఈ పుస్తకంలో ప్రతి పేజీకీ రెండు గళ్ళు ఉంటాయి. కళ్ళారా చూసింది ఒకదానిలో, ఎవరో చెప్పగా విన్నది ఇంకోదానిలో రాయాలి. ఎండకు తాళలేక పాత గనిలోకి దిగి కట్టుకున్న ఊరు కొత్తగని, దాని పోలీసు స్టేషన్లో పందొమ్మిదేళ్ళుగా నేనే రైటర్ని. ఆరుగురు ఎస్సైలు మారారు. రెండో గడిలోది ఒక్క ముక్క కూడా మొదటి గడిలోకి రానివ్వలేదు. ఈ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టం. ఈ మారెక్కకు కాస్త పొగరని ఊరంతా అనుకుంటుంది, ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

సాయంత్రానికి కోడి తనంతట తానే ఇల్లు చేరిందట. అప్పటికి కోళ్ళ సంగతి పట్టించుకునే స్థితిలో ఊరు లేదు. ఆరో వీధిలో ఓబులేసు చనిపోయాడు.

డెబ్బై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళు పట్టేసి పదడుగులు కూడా కష్టంగా వేస్తాడు. మగ్గం ముందే తెల్లవారుతుంది, మగ్గం ముందే పొద్దుపోతుంది. ఇప్పటికి తెలిసింది ఇంతే. గనిలోకి దిగే గాలి తొమ్మిది వీధులకూ ఒకేసారి చాలదు కాబట్టి రోజూ వంతులవారీగా ఒక్కో వీధి గాలి తలుపు పది నిమిషాలు మూస్తారు. ఈరోజు ఉదయం ఆరో వీధి తలుపు పది నిమిషాల తర్వాత పైకి లేవలేదు. నలభై నిమిషాలు మూతపడే ఉంది. ఆ సమయంలో వీధి జనమంతా నీళ్ళ వరుసలో ఉన్నారు. నేనూ ఉన్నాను. గాలి వస్తోందో లేదో తెలియడానికి వీధి మొదట్లో వేలాడదీసిన గుడ్డ ఊగడం లేదని అందరం చూశాం. రోజూ కాసేపు ఆగేదే కదా అనుకున్నాం.

నీళ్ళు పట్టుకుని వెనక్కి వెళ్ళినవాళ్ళకు ఓబులేసు వీధి చివర ఇనప తలుపు పక్కన కనిపించాడు. తలుపు అవతల, దాని కాపలాదారు ఎర్రిస్వామి స్పృహ లేకుండా పడి ఉన్నాడు. అతన్ని ఆసుపత్రి గదికి మోసుకుపోయారు. మెకానిక్ వచ్చి, తలుపును పైకి పట్టి ఉంచే గొలుసు తెగిందని చెప్పి కొత్తది వేశాడు.

"ఎట్ల రాస్తావక్కా?" అని ఎస్సై దాదాపీర్ అడిగాడు. ముప్పై నిండని పిల్లవాడు. జ్వరంతో పొద్దున నుంచి మూసిన కన్ను తెరవలేదు, ఈ వార్తకు లేచి వచ్చాడు.

"చూసినంత రాస్తా సార్. తలుపు పడింది. మనిషి పోయినాడు" అన్నాను.

వేసవి 42వ రోజు. పైన 53, లోపల 33.

ఎనిమిది మంది సాక్ష్యం ఇచ్చారు. ఎనిమిది మందీ చెప్పింది ఇదే.

"ఎర్రిసామి తలుపు మూసి టీకి పోయినాడంట. వచ్చేలోపల గొలుసు తెగిందంట. మనిషి ఆడుంటే పట్టుకొనుండునంట. తిరిగొచ్చి చూసి, భయపడి, సోయి తప్పినట్ల పడుకున్నాడంట."

చూసినావా అని ఒక్కొక్కరినీ అడిగాను. లేదన్నారు. రెండో గడిలో రాసుకుని, గోడకున్న తూకం పెట్టె ముందు నిలబడి ఒక్కొక్కరి మాటా చదివాను. చూసినవాడి మాటకు పది, విన్నవాడి మాటకు ఒకటి. ఇరవై చేరితే పెట్టె అరెస్టు కాగితం తీస్తుంది. ఆ పూట దాటకుండా ఎస్సై మనిషిని పట్టుకుని తీరాలి. పాత రోజుల్లో అరెస్టుకు ముందు నమ్మదగిన కారణం ఉందా లేదా అని ఎస్సై తనే కూర్చుని తేల్చుకోవలసి వచ్చేదట. ఒకడు అల్లరిమూకకు భయపడి ఉందనేవాడు, ఇంకొకడు చుట్టరికం చూసి లేదనేవాడు. అందుకే ఈ పెట్టె వచ్చింది. ఎర్రిస్వామి పేరు పక్కన ఎనిమిది పడింది.

మధ్యాహ్నం ఎర్రిస్వామి వచ్చాడు. ఆసుపత్రి గది నుంచి గోడలు పట్టుకుంటూ నడిచి వచ్చినట్టున్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి. నవ్వడు, ఎవరి ఇంటికీ పోడు, పలకరిస్తే తలుపు వైపు చూస్తూ జవాబిస్తాడు. అందుకని ఊరికి అతనంటే మొదటినుంచీ పెద్ద ప్రేమ లేదు. కుడి భుజం వంచి పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కా, ఆ పొద్దు జరిగింది చెప్పల్ల" అన్నాడు.

"నీ పేరు తూకమెక్కింది. ఇంగ ఈ సంగతి నీతో ఎవురూ మాట్లాడకూడదు, నేను గూడా. నీ మాట చెప్పుకునేది మేజిస్ట్రేటుకే. నెలాఖరుకు వస్తాడు."

"ఒగ రెండు మాటలక్కా."

"రూలు నీ కోసం మార్చేదానికి కాదు ఎర్రిసామీ. పో, పోయి పండుకో."

పేరెక్కినవాడు తన కథ ఊళ్ళో చెప్పుకుంటే, అదే కథ పదిమంది నోళ్ళలో తిరిగి సాక్ష్యమై వస్తుందని ఈ రూలు పెట్టారు. మంచి రూలే. అతను భుజం పట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవురొచ్చినా నువ్వు కదలవక్కా అని దాదాపీర్ మెచ్చుకున్నాడు. నాకూ బాగానే అనిపించింది.

వేసవి 43వ రోజు. పైన 54, లోపల 33.

ముగ్గురు సాక్షులు. తూకం పదకొండు.

ఓబులేసు కూతురు సాకమ్మ వచ్చింది. ముప్పై ఆరేళ్ళుంటాయి. మొగుడు పోయాక తండ్రి దగ్గరే ఉంటూ, ఆయన నేసింది నాలుగు వీధులు తిప్పి అమ్ముకొస్తుంది. ఏడవలేదు. పెట్టె మీద అంకె చూసి, "ఇరవైకి ఇంకా తొమ్మిదుండాయి" అంది.

"చూసినవాళ్ళు ఒక్కరూ లేరు సాకమ్మా" అన్నాను.

"చూసేదానికి ఆడెవురుండారక్కా? మా నాయన చూసినాడు. ఆయన పోయినాడు. గోళ్ళు చూసినావా ఆయనవి? తలుపు గీరి గీరి ఊడిపోయినాయి. ఒగ మనిషి పక్కన లేకుండ, కుక్క మాదిరి ఒక్కడే పోయినాడు. వాడు టీ తాగుతా కూచున్నాడు."

 నీళ్ళిచ్చాను, తాగలేదు. రేపు మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక దాదాపీర్ పెట్టె వైపు చూడకుండా అన్నాడు. "అరెస్టయితే పై లాకప్పే గదక్కా."

పై లాకప్ గని బయట, నేల మీద ఉంది. దాన్ని చలికాలంలో కట్టారు. కట్టినవాళ్ళకు వేసవి గుర్తు రాలేదు. నిరుడు ఇదే నెలలో ఇద్దరిని అందులో పెట్టాం. ఒకడు మంచం మీద కిందికి వచ్చాడు, మూడో రోజు పోయాడు. మేజిస్ట్రేటు రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

వేసవి 45వ రోజు. పైన 54, లోపల 34.

నిన్న ఇద్దరు, ఈరోజు ఇద్దరు. తూకం పదిహేను.

టీ సంగతి నాకు మింగుడు పడలేదు. నాలుగో వీధి టీ అంగడికి పోయి అడిగాను. నీళ్ళ వరుస సాగినంతసేపూ అంగడి మూసే ఉంటుందని, తానూ వరుసలోనే నిలబడతానని అంగడాయన చెప్పాడు. నిజమే, నా ముందు నలుగురి తర్వాత ఆయనే ఉన్నాడు. అది విని సాక్షులు ఏమాత్రం తొణకలేదు. టీకి కాకపోతే ఇంకోదానికి పోయింటాడు అన్నారు. అంగడి మూసి ఉందన్న మాటను పెట్టె ఏ లెక్కలోకీ తీసుకోదు. అది ఎర్రిస్వామిని చూసిన మాట కాదు, అతని గురించి విన్న మాట కాదు, మూడో రకం మాట పెట్టెకు తెలియదు.

పెట్టె రాకముందు రైటర్లు ఒక పని చేసేవారు. మాట వెంబడి పోవడం అనేవాళ్ళు. నీకెవరు చెప్పారు, అతనికెవరు చెప్పారు అని ఒక్కొక్క గడపా ఎక్కుతూ, మాట మొదట ఏ నోట పుట్టిందో అక్కడిదాకా పోవాలి. ఒకే నోట పుట్టినవని చూపిస్తే ఎన్ని మాటలైనా కలిసి ఒకటే అవుతాయి. ఈ నియమం ఇప్పటికీ ఉంది, చేసేవాళ్ళే లేరు. మోకాళ్ళ నొప్పులూ ఊరివాళ్ళతో పగలూ తప్ప దాంట్లో దక్కేదేమీ లేదు. రేపటినుంచి నేను చేస్తాను.

వేసవి 46వ రోజు. పైన 54, లోపల 34.

పదిహేను మందిలో తొమ్మిది మంది మిగతా ఆరుగురి దగ్గర విన్నారు. ఆ ఆరుగురూ ముగ్గురి దగ్గర విన్నారు. ఇంత తేల్చడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొమ్మిది వీధులూ తిరిగాను. "ఊరంతా అంటాంటే ఎవురు చెప్పినారని గుర్తుంటాదక్కా?" అని ఒకామె విసుక్కుంది. ఒక ముసలాయన నేను ఎర్రిస్వామి దగ్గర ఏం తిన్నానని అడిగాడు. నేను ఆ గడపలు దిగుతుండగానే మరో ముగ్గురు స్టేషన్‌కు పోయి సాక్ష్యం ఇచ్చారు. తూకం పద్దెనిమిది.

ఆ చివరి ముగ్గురినీ నేను తిరిగొచ్చి అడిగితే, ఇద్దరు ఒకే మాట అన్నారు. "స్టేషనోళ్ళే అన్నారంట గదక్కా."

నాకు ఒళ్ళు మండింది. స్టేషన్‌లో ఉండేది ఇద్దరం. తిన్నగా దాదాపీర్ ముందు నిలబడి, "సార్, మీరేమన్నా నోరు జారినారా?" అని అడిగాను.

అతని మొహం చిన్నబోయింది. "నేనా పొద్దు వరుసకే రాలేదు గదక్కా. జరంతో పండుకొనుంటి."

తప్పయిందని చెప్పాను. అతను సరేనన్నాడు గాని సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. స్టేషన్ పేరు వాడుకుని పుకారు లేపినవాడెవడో దొరికితే మొదటి కేసు వాడి మీదే రాస్తానని ఇంటికి పోయేటప్పుడు గట్టిగానే అన్నాను.

వేసవి 47వ రోజు. పైన 55, లోపల 34.

ఆ ఆరుగురికీ చెప్పిన ముగ్గురూ మస్తాన్‌బీ పేరే చెప్పారు. ఆమె నీళ్ళ వరుస ముందు కూర్చుని కొళాయి తిప్పుతుంది. నాకంటే పదేళ్ళు చిన్న. నెమ్మదస్తురాలు, ఊరి మాటలు మోసే మనిషి కాదు. నేను పోయేసరికి కొళాయి తుడుస్తోంది.

"మస్తాన్‌బీ, ఎర్రిసామి టీకి పోయినాడని నీకెవురు చెప్పినారు?"

ఆమె గుడ్డ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. నేను పరాచికాలాడుతున్నానేమో అనుకుంది.

"నువ్వే గదక్కా" అంది.

"నేనా?"

"ఆ పొద్దే. ఆరో వీధి గుడ్డ ఎంతసేపటికీ ఊగకపోయె. నాకు దిగులై, 'ఇంతసేపేందక్కా' అంటి. నువ్వు నవ్వి, 'ఎర్రిసామి తలుపు మూసి టీకి పోయింటాడు లే, వస్తాడు' అంటివి. అందురూ నవ్విరి. నేను చూసొద్దామని లేచినదాన్ని, రైటరక్క అన్నంక ఇంగేముంది అని కూచుంటి."

ఆమె నన్ను నిందించడం లేదు. అడిగాను కాబట్టి చెప్పింది.

నాకు గుర్తొచ్చింది. బిందె చంకన పెట్టుకున్న తీరుతో సహా గుర్తొచ్చింది. ఎర్రిస్వామి అంటే ఊరికి నచ్చదని తెలుసు, అందుకే అతని పేరు చెబితే నవ్వుతారని తెలిసి అన్నాను. నవ్వారు. తర్వాత ఓబులేసు పోయాడని తెలిసిన గందరగోళంలో ఆ మాట నా బుర్రలోంచి జారిపోయింది. వాళ్ళ బుర్రల్లోంచి జారలేదు. కళ్ళారా చూడనిది మారెక్క పలకదని ఊరికి నేనే పందొమ్మిదేళ్ళుగా నేర్పాను. నేర్చుకున్నారు.

నేను చూసింది ఒక్క గుడ్డని. ఊగని గుడ్డని. చూసి, వెళ్ళలేదు. వెళ్ళబోయిన మనిషిని కూడా నవ్వి కూర్చోబెట్టాను.

స్టేషన్‌కు తిరిగొచ్చేసరికి తూకం పందొమ్మిది. దాదాపీర్ ఏమైనా తేలిందా అని అడిగాడు. రేపు చెబుతానన్నాను.

వేసవి 48వ రోజు.

ఒంట్లో బాగాలేదని స్టేషన్‌కు కబురు పంపాను. అది అబద్ధం.

పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పులు వేసుకున్నాను, మూడుసార్లు విప్పాను. చెబితే ఈ పుస్తకం నా చేతిలోంచి పోతుంది. అదొక్కటే అయితే పోయేదాన్ని. సాకమ్మ మొహం చూడాలి. గుడ్డ ఊగలేదని చూసి కూడా నవ్వుతూ నిలబడ్డానని ఆమెకు చెప్పాలి. ఈ ఒక్కరోజు గడిస్తే ధైర్యం వస్తుందని అనుకున్నాను. ధైర్యం రాలేదు, భయంగానే ఉంది.

సాయంత్రం దాదాపీర్ కబురు పంపాడు. ఇరవయ్యో సాక్షి వచ్చాడట. పెట్టె కాగితం తీసిందట. ఎర్రిస్వామి గాలి తలుపు దగ్గర పనిలో ఉంటే అక్కడే పట్టుకుని పైకి తీసుకుపోయారట. అతను ఎదురు తిరగలేదట. కొత్త కాపలాదారు వచ్చేదాకా తలుపు వదలనని మాత్రం పట్టుబట్టాడట.

వేసవి 49వ రోజు. పైన 56, లోపల 35.

తెల్లవారగానే స్టేషన్‌కు పోయి దాదాపీర్‌కు అంతా చెప్పాను. వరుసలో అన్నదీ, మస్తాన్‌బీ చెప్పిందీ, నిన్న అబద్ధం చెప్పి ఇంట్లో కూర్చున్నదీ. అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. నిన్నే చెప్పుంటే అని అనలేదు. అంటే బాగుండేది.

పెట్టె ముందు నిలబడ్డాను. పెట్టెకు రెండే మీటలు, చూసిందానికి ఒకటి, విన్నదానికి ఒకటి. నాది చూసింది కాదు, విన్నదీ కాదు. నేనే పుట్టించింది. ఏ మీట నొక్కాలో తెలియక చెయ్యి దించేశాను. మాట వెంబడి పోయిన పేర్లన్నీ వరుసగా చదివి, మొదటి పేరు దగ్గర నా పేరు చదివాను. పెట్టె ఇరవై మాటలనూ కలిపి ఒకటి చేసింది. కాని కాగితం వెనక్కి తీసుకోలేదు. ఒకసారి తీసిన కాగితాన్ని వెనక్కి తీసుకోవడం దానికి రాదు.

"మేజిస్ట్రేటు వచ్చేదాకా ఆయప్ప పైనే ఉండల్లనేమో అక్కా" అన్నాడు దాదాపీర్.

"పన్నెండు రోజులు సార్. పైన యాభై ఆరు."

"పెట్టె కాగితం ఉంది గదా."

"పెట్టె రాకముందు చట్టం అడిగేది ఒగటే సార్. మనిషిని పట్టుకునేదానికి నమ్మదగిన కారణం నీకు కనపడతాండాదా అని. ఎస్సైనే అడిగేది. ఆ ముక్క ఎవురూ కొట్టేయలేదు, ఇప్పుడూ ఉంది. మీకు కనపడతాండాదా?"

మూడేళ్ళ ఉద్యోగంలో అతన్ని ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని పెట్టె ముందు అటూ ఇటూ తిరిగాడు. తప్పయితే అతని ఉద్యోగం కూడా పోతుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తర్వాత నా పుస్తకం లాక్కుని, తన చేతిరాతతో "నమ్మదగిన కారణం లేదు, విడుదల చేస్తున్నాను" అని రాసి సంతకం పెట్టాడు. రెండు నీళ్ళ తిత్తులు భుజాన వేసుకుని మెట్లెక్కాడు. నేను కింద నిలబడి ఎదురు చూశాను. బతికుండాలని తప్ప ఇంకేమీ కోరుకోలేదు.

ఎర్రిస్వామి దాదాపీర్ వీపు మీద వచ్చాడు. బతికే ఉన్నాడు. పెదవులు పగిలి, నాలుక వాచి, మాట రావడం లేదు.

వేసవి 50వ రోజు. పైన 55, లోపల 34.

ఇది నేను ఈ పుస్తకంలో రాసే చివరి పేజీ. రేపటినుంచి వేరే రైటర్ వస్తాడు. నా మీద ఏం కేసు పెట్టాలో మేజిస్ట్రేటు తేలుస్తాడు.

మధ్యాహ్నానికి ఆసుపత్రి గదిలో ఎర్రిస్వామి లేచి కూర్చోగలిగాడు. విడుదలతో అతని పేరు తూకం దిగింది కాబట్టి అతనితో ఎవరైనా మాట్లాడవచ్చు. సాకమ్మను పిలిపించాను, దాదాపీర్ కూడా వచ్చాడు. ముగ్గురి ముందూ, మొదట నేను చెప్పాల్సింది చెప్పాను.

సాకమ్మ నా వైపు తిరిగింది. "గుడ్డ ఊగలేదని నువ్వు చూసినావు."

"చూసినా."

"పోలేదు."

"పోలేదు సాకమ్మా. నవ్వినా."

ఆమె నా వైపు నుంచి మొహం తిప్పుకుంది. నన్ను తిట్టమని అడిగే హక్కు కూడా నాకు లేదు. పుస్తకం తెరిచి, ఎర్రిస్వామిని అడిగాను. ఇరవై మందిని అడిగాను, మాట వెంబడి తొమ్మిది వీధులు తిరిగాను, వాకిట్లోకి వచ్చి చెబుతానన్న మనిషిని వెళ్ళగొట్టాను. ఆ పొద్దు తలుపు దగ్గర ఉన్నది అతనొక్కడే. ఇన్ని రోజులకు అడిగాను.

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నేను యాడికీ పోలేదక్కా. తలుపు లేపుతాంటే గొలుసు తెగె. పడేటప్పుడు తలుపు పిడి కింద భుజం అడ్డం పెడితి. కింద నాలుగు వేళ్ళ సందు మిగిలె. గడ్డపార అందకపాయ. తలుపు ఇడ్సిపెట్టి పోయి ఎవురినన్నా పిల్చుకొద్దామంటే, ఇడిస్తే ఆ సందు గూడా మూసుకుంటాది. అరిస్తి. అందురూ నీళ్ళకు పోయినారు, ఎవురికి ఇనపడతాది. ఓబులేసన్న గాలాడక దేక్కుంటా తలుపు కాడికి వచ్చె. ఆ సందులో మొగం పెట్టి గాలి పీల్చుకొనె. ఆయన గూడా అవతలనుంచి చేతులతో లేపబట్టె. గోళ్ళు ఇరిగిపోతాయి వద్దన్నా అంటి. ఇనలేదు."

ఆగి నీళ్ళు తాగాడు. 

"రొంతసేపటికి ఆయనకు చేతకాలా. సందు కాడ తల పెట్టి పండుకొనె. మాట్లాడుతా ఉండన్నా, నిద్దరపోవద్దు అంటి. మాట్లాడె. ఎర్రిసామీ, నీ భుజం పోతాది, ఇడ్సిపెట్టు అనె. ఇడవను అంటి. మగ్గం గురించి చెప్పె. వాళ్ళ పెండ్లాం గురించి చెప్పె. కడాకు, మా సాకికి ఒగ మాట చెప్పు అనె."

"ఏమని?" అని అడిగింది సాకమ్మ. నేను అడగాల్సిన ప్రశ్న అది. 

"'పొద్దున అంబలి కారంగా ఉండాదని గిన్నె ఇసిరికొడితి, అది ఏడ్సుకుంటా నీళ్ళకు పోయె. అంబలి బాగనే ఉండె, మోకాళ్ళ నొప్పికి ఊరికే దాని మీద అరిస్తి' అని చెప్పు, అనె. చెప్తాలే అన్నా అంటి. ఆయన్నుంచి మళ్ళ మాట రాలా. నాకు గూడా ఆడికే సోయి పోయె."

చనిపోతూ మనిషి అన్న మాట, విన్నవాడి నోట వచ్చినా, చూసినదానితో సమానం. పాత చట్టంలో అంతే, కొత్త చట్టంలోనూ అంతే. ఎర్రిస్వామి మాటనూ, ఓబులేసు మాటనూ మొదటి గడిలో రాశాను. అక్షరాలు సరిగ్గా రాలేదు. చదవడానికి కష్టమైతే తర్వాత వచ్చే రైటర్ మన్నించాలి.

 సాకమ్మ నాతో కాదు, దాదాపీర్‌తో కాదు, ఎవరితోనో అన్నట్టు అంది.

"గిన్నె సంగతి నేనెవురికీ చెప్పలేదు. పోయిన మనిషి గురించి ఎట్ల చెప్పేది?"

తర్వాత జరిగి ఎర్రిస్వామి మంచం దగ్గర కూర్చుంది. నీళ్ళ గిన్నె అందుకుని అతని చేతికిచ్చింది. ఇన్ని రోజులూ 'వాడు' అంటూ వచ్చిన మనిషిని మొదటిసారి వరస పెట్టి పిలిచింది.

"అమ్మ గురించి ఏం చెప్పినాడన్నా? మొదట్నుంచి చెప్పు. నాకు తొందర లేదు."

అతను నీళ్ళు తాగి, ఆగి ఆగి, మొదటినుంచీ చెప్పాడు.